తోలులో దాగిన ముడి

మా నాన్నగారి తోలు సంచి ఒకటుంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయన భుజం దిగని సంచి. పదవీ విరమణతో అది అటకెక్కింది, ఆయన పోయాక నా చేతికి వచ్చింది. తోలు చెక్కుచెదరలేదు గానీ, పట్టీ సంచితో కలిసే చోట కుట్టు చివికిపోయింది. నాలుగంగుళాల కుట్టే కదా, అమ్మ కుట్టుమిషను ఉండనే ఉంది కదా అని ఒక ఆదివారం పూట కూర్చున్నాను.

పైకి చూస్తే గీత గీసినట్టు వచ్చింది కుట్టు. తిప్పి చూస్తే అడుగున పిచ్చుక గూడు! మిషను మీది టెన్షన్ మరను అర చుట్టు బిగించాను. గూడు కాస్త చిన్నదైంది. మరో చుట్టు బిగించాను. దారం ఫట్టుమంది. విప్పి మళ్ళీ కుట్టాను, మళ్ళీ విప్పాను. గుడ్డకైతే ఇన్నిసార్లు విప్పినా ఆనవాలు మిగలదు. తోలుకు మాత్రం పడ్డ బెజ్జం పడ్డట్టే ఉంటుంది. సాయంత్రానికి పట్టీ కొస తపాలా బిళ్ళ అంచులా తయారై, ఒక్క లాగుకు చిరిగి చేతిలోకి వచ్చేసింది. నాన్నగారు ఏళ్ళ తరబడి మోసిన సంచిని నేను ఒక్క పూటలో చింపాను.

మర్నాడు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన తిట్టలేదు, నవ్వలేదు. చిరిగిన కొసను వేలితో నిమిరి, "మిషనుకి ఒక చెయ్యే పైకి కనపడుద్ది బాబూ. రెండో చెయ్యి కిందుంటది. మీరు పైచేతినే బిగిస్తా కూర్చున్నారు" అన్నాడు. "మరి ఇప్పుడేం చెయ్యాలి పెద్దాయనా?" అంటే, "ఏముంది, నా రెండు చేతులూ పైనే ఉన్నాయిగా" అని పని మొదలుపెట్టాడు.

ఆ మాట వెంటబడి నేను చదువుకున్నదే ఈ టపా. కుట్టుమిషను చరిత్రను మనం సాధారణంగా వేగం చరిత్రగా చెప్పుకుంటాం. తోలు వైపు నుంచి చూస్తే అది రెండో చేతి కోసం సాగిన వెతుకులాట అని నాకు తోచింది.

* * *

ముందు చేతికుట్టు సంగతి. మోచీ ఆరెతో తోలుకు బెజ్జం వేస్తాడు. మైనం రాసిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులుంటాయి. ఒకే బెజ్జంలోంచి ఒక సూది ఇటునుంచి, ఒక సూది అటునుంచి ఎదురెదురుగా దూరతాయి. అప్పుడు రెండు చేతులూ ఒక్కసారే లాగుతాయి. ఐరోపాలో గుర్రపు జీనులు కుట్టేవారి పేరు మీద దీనిని జీను కుట్టు అంటారు. ఈ కుట్టుకు పైవైపు, అడుగువైపు అన్న తేడా లేదు. ఒకచోట దారం తెగినా, అదే బెజ్జాల గుండా పోయే రెండో వరస తోలును పట్టుకునే ఉంటుంది. అన్నింటినీ మించి, బిగువు ఎంత ఉండాలో నిర్ణయించేవి చేతులు. తోలు మెత్తబడ్డ చోట అవి తమంత తామే కాస్త వదులుగా లాగుతాయి, గట్టిపడ్డ చోట గట్టిగా లాగుతాయి.

యంత్రానికి ఇది చేతకాదు. సూదిని ఒకవైపు వదిలి రెండోవైపు అందుకోవడం, ప్రతి బెజ్జానికీ మూరల కొద్దీ దారాన్ని మొత్తం ఇటునుంచి అటు లాగడం లోహంతో చేయించవలసిన పనులు కావు. కనుక యంత్రం వేరే దారి వెతుక్కుంది.

* * *

విశేషమేమిటంటే, మనకు తెలిసిన తొలి కుట్టుమిషను నమూనా పుట్టిందే తోలు కోసం. 1790లో లండన్‌లో టామస్ సెయింట్ అనే వడ్రంగి తోలు కుట్టడానికి ఒక యంత్రాన్ని ఊహించి పేటెంటు పొందాడు. అందులో ముందు ఒక ఆరె దిగి బెజ్జం వేస్తుంది. తరువాత కొసన చీలిక ఉన్న సూది దారాన్ని ఆ బెజ్జంలోకి నెడుతుంది. అడుగున ఒక కొక్కెం ఆ దారాన్ని ఉచ్చుగా పట్టుకుంటుంది. ఒక ఉచ్చులోంచి మరో ఉచ్చు, దానిలోంచి ఇంకొకటి, అంటే గొలుసు కుట్టు. ఆ పేటెంటు బూట్లు, వార్నీషులు వగైరా ఇతర సంగతుల మధ్య పడి మరుగున పోయింది. 1870లలో న్యూటన్ విల్సన్ అనే కుట్టుమిషన్ల తయారీదారు దానిని వెలికితీసి, ఆ బొమ్మల ప్రకారం ఒక యంత్రాన్ని చేయించాడు. కొన్ని మార్పులు చేస్తే గానీ అది పనిచేయలేదు.

సెయింట్ తోలునే ఎందుకు ఎంచుకున్నాడన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. నాకు తోచిన జవాబు ఇది. తోలు తనంత తాను నిటారుగా నిలుస్తుంది, వేసిన బెజ్జం పూడదు. మొద్దు సూది వచ్చి దారాన్ని నెట్టేదాకా ఆ బెజ్జం నోరు తెరుచుకునే ఉంటుంది. నా పట్టీని చింపిన గుణమే ఆ తొలి రూపకర్తకు సాయపడి ఉండాలి.

గొలుసు కుట్టుకు ఒకే దారం చాలు, రెండో చేతి అవసరం రాదు. అందుకు అది చెల్లించే మూల్యం ఉంది. చివరి ఉచ్చు ఊడితే మొత్తం వరస జారిపోతుంది. ధాన్యం బస్తా మూతి కుట్టును సరైన కొస పట్టుకొని లాగితే జరజరా విడిపోవడం మనకు తెలిసిందే. ఫ్రెంచి దర్జీ బార్తెలెమీ తిమోనియే 1830లో పేటెంటు పొందిన యంత్రం వేసిందీ గొలుసు కుట్టే. పారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టిన ఆయన కర్మాగారాన్ని 1831 జనవరిలో దర్జీలు విరగ్గొట్టారు. తమ పొట్ట కొడుతుందన్న భయం వాళ్ళది. తిమోనియే 1857లో పేదరికంలోనే కన్నుమూశాడు.

* * *

రెండో చెయ్యి వచ్చింది మగ్గం నుంచి. 1830ల తొలి సంవత్సరాలలో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్, ఆయనతో సంబంధం లేకుండా 1846లో పేటెంటు పొందిన ఎలియాస్ హోవ్, ఇద్దరూ ఒకే ఉపాయాన్ని పట్టుకున్నారు. సూదికి బెజ్జం మొదట్లో కాక మొనలో పెట్టాలి. ఆ సూది తోలులోకో గుడ్డలోకో దిగి, తిరిగి కాస్త పైకి లేచినప్పుడు దారం సూది పక్కన చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. ఆ ఉచ్చులోంచి రెండో దారం ఉన్న నాడె దూసుకుపోతుంది. సూది పైకి వెళ్ళిపోతుంది, రెండు దారాలూ ఒకదానినొకటి పెనవేసుకుంటాయి. ఇంగ్లీషువారు దీనిని లాక్‌స్టిచ్ అన్నారు. నేను పెనకుట్టు అంటాను. ఇంతకన్నా మంచి మాట తడితే మిత్రులు చెప్పగలరు.

హంట్ పేటెంటు తీసుకోలేదు. కుట్టుపని చేసుకుని బతికే ఆడవాళ్ళ నోటి దగ్గరి కూడు పోతుందని ఆయన కూతురు అడ్డుపడిందని ఒక కథ ప్రచారంలో ఉంది.

పెనకుట్టులో పైదారం అడుగుకు పోదు, అడుగుదారం పైకి రాదు. రెండూ మధ్యలో ఎక్కడో కలుసుకుంటాయి. ఆ "ఎక్కడో" అన్న మాట దగ్గరే మన కథంతా ఉంది. రెండు లాగుళ్ళు సమానమైతే ముడి మందం నడుమ దాక్కుంటుంది. ఏ వైపు లాగుడు గట్టిదైతే ముడి ఆ వైపుకు వచ్చి బయటపడుతుంది. చేతికుట్టులో మనిషి రెండు చేతుల్లో ఉన్న బిగువు, ఇక్కడ పైన రెండు బిళ్ళల మధ్యకూ, అడుగున కండె డబ్బా మీది సన్నటి రేకు కిందికీ మారింది. చేతులకు తోలు తెలుసు. బిళ్ళకూ రేకుకూ తెలియదు. వాటికి మనం చెప్పాలి.

* * *

టెన్షన్ మర దగ్గర తల పట్టుకున్న వాళ్ళలో నేను మొదటివాడిని కానని తెలిశాక కొంత ఊరట కలిగింది. ఐజాక్ సింగర్ స్వయంగా చెప్పుకున్న వృత్తాంతం ఒకటుంది. 1850లో బోస్టన్‌లో ఆర్సన్ ఫెల్ప్స్ అనే ఆయన దుకాణంలో, జార్జ్ జీబర్ ఇచ్చిన నలభై డాలర్ల పెట్టుబడితో, పదకొండు రోజులు రేయింబవళ్ళు శ్రమించి సింగర్ తన తొలి యంత్రాన్ని పూర్తిచేశాడు. పదకొండో రోజు రాత్రి భాగాలన్నీ బిగించి నడిపితే అది కుట్టలేదు. పనివాళ్ళు విసిగి వెళ్ళిపోయారు. జీబర్ దీపం పట్టుకుంటే సింగర్ ఒక్కడే పెనుగులాడి, అర్ధరాత్రి వేళ ఓడిపోయి ఇద్దరూ బసకు బయలుదేరారు. దారిలో ఒక చెక్కల గుట్ట మీద కూర్చున్నప్పుడు, దారం వదులు ఉచ్చులన్నీ గుడ్డకు ఒకే వైపున పడుతున్న సంగతి జీబర్ యథాలాపంగా అన్నాడు. సింగర్‌కు మెరుపులా తట్టింది. సూది దారానికి బిగువు సరిచేయడమే మరిచిపోయాం! వెనక్కి వెళ్ళి సరిచేశారు. అయిదు కుట్లు చక్కగా పడ్డాయి. ఆ వెంటనే దారం తెగింది. అయినా ఆ అయిదు కుట్లు చాలు.

తన కథను తానే చెప్పుకున్న వ్యాపారి మాటలో కొంత అలంకారం ఉండవచ్చు. అయితే అందులోని రోగనిర్ణయ పద్ధతి మాత్రం నేటికీ మారలేదు. ఉచ్చులు ఏ వైపున పడుతున్నాయో చూడు. అన్నీ ఒకే వైపున పడితే తప్పు యంత్రమంతటిదీ కాదు, ఒక చేతిది. సింగర్ 1851 ఆగస్టులో పేటెంటు పొందాడు. నిటారుగా దిగే సూది, బల్లపరుపు పీఠం, పైనుంచి అదిమే పాదం ఆ యంత్రం లక్షణాలు. నేటి మిషన్లను చూసినా ఆ పోలికే కనిపిస్తుంది.

* * *

గుడ్డ కుట్టే యంత్రం తోలులోకి అడుగుపెట్టిన చోటు అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రపు లిన్ పట్టణం. అది బూట్ల ఊరు. మగవాళ్ళు ఇళ్ళ పక్కన పదడుగుల గదుల్లో కూర్చొని అట్ట అడుగులు బిగించేవారు. బూటు పైభాగపు తోలు ముక్కలను కలిపి కుట్టే పని వాళ్ళ భార్యలది, కూతుళ్ళది. వంటిల్లూ పిల్లలూ చూసుకుంటూ ఇంట్లోనే చేతితో కుట్టేవారు. 1850ల ఆరంభంలో జాన్ బ్రూక్స్ నికల్స్ అనే ఆయన హోవ్ యంత్రాన్ని బూటు పైతోలు కుట్టడానికి అనువుగా మార్చాడు. పైతోలు పలుచన, మెత్తన. కనుక పెనకుట్టు ముడి అందులో దాగగలిగింది.

కొద్ది ఏళ్ళలోనే ఆ కుట్టు ఇళ్ళలోంచి మిషన్ల గదుల్లోకి తరలింది. వయసు పిల్లలు మిషన్ల ముందు కూర్చున్నారు, ఇంట్లో ఆరెతో కుట్టే తల్లుల రేట్లు పడిపోయాయి. 1857 ఆర్థిక సంక్షోభం తరువాత కూలి మరింత తగ్గింది. 1860 ఫిబ్రవరి 22న లిన్ చెప్పుల కార్మికులు సమ్మె కట్టారు. మార్చి 7న ఎనిమిది వందల మంది ఆడవాళ్ళు మంచు కురుస్తుండగా ఊరేగింపు తీశారు. అప్పటికింకా అధ్యక్ష అభ్యర్థి కాని లింకన్ ఆ రోజుల్లోనే తన ప్రసంగంలో ఈ సమ్మెను ప్రస్తావించాడు. ఆ ఊరేగింపు వెనుక మిషను పిల్లల లెక్క వేరు, ఇంటి కుట్టు తల్లుల లెక్క వేరు. ఒకే తోలును పట్టుకున్న రెండు దారాలు చెరోవైపుకు లాగుతున్నాయి.

పైతోలు లొంగింది గానీ అట్ట లొంగలేదు. బూటు లోపలికి అడుగు దారపు నాడెను ఎలా పంపాలి? 1858లో లైమన్ బ్లేక్ పేటెంటు పొందిన యంత్రం ఈ చిక్కును తప్పించుకున్న తీరు ముచ్చటగా ఉంటుంది. రెండో చెయ్యి పట్టే చోటు లేదు కనుక ఆయన రెండో చేతినే మానేశాడు. కొమ్ములాంటి ఒక గొట్టం బూటులోకి దూరి దారాన్ని అందిస్తుంది. బయటి నుంచి కొక్కెపు సూది అట్టను చీల్చుకుంటూ లోపలికి వచ్చి, దారాన్ని అందుకొని ఉచ్చుగా పైకి లాగుతుంది. మళ్ళీ సెయింట్ నాటి గొలుసు కుట్టే! మైనపు దారం మందపు తోలులో బిగుసుకుపోతుంది కనుక గొలుసు అంత సులువుగా జారదు. గోర్డన్ మెకే ఆ హక్కులు కొని యంత్రాన్ని మెరుగుపరిచాడు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుల బూట్లు కొన్ని ఆ పద్ధతిలో కుట్టినవే. ఏ తోలుకు ఏ కుట్టు అన్న ప్రశ్నకు యంత్రాలను చేసినవాళ్ళు ఇచ్చిన జవాబు ఇదీ: ముడికి చోటున్న చోట పెనకుట్టు, లేని చోట గొలుసు.

* * *

ఇప్పుడు నా పట్టీ దగ్గరికి వద్దాం. తప్పు ఎక్కడ జరిగింది?

గుడ్డ నేసినది. సూది దిగితే పోగులు పక్కకు జరిగి, సూది లేవగానే తిరిగి దగ్గరవుతాయి. తోలు నేసినది కాదు. అది అన్ని దిక్కులకూ అల్లుకుపోయిన పీచుల ముద్ద. జరగడానికి దానిలో సందులు లేవు. అందుకే తోలు సూది మొన గుండ్రంగా కాక ఉలిలా కోసే అంచుతో ఉంటుంది. నేను వాడింది గుడ్డ సూది, అదీ 16వ నంబరుది. ఎక్కించింది లావాటి నైలాను దారం.

ఇక్కడ కొంచెం లెక్క. సూదికి 16, 18 అన్న నంబర్లతో పాటు 100, 110 అన్న కొలత కూడా ఉంటుంది. 110 అంటే సూది కాడ మందం 1.10 మిల్లీమీటర్లు. దారానికి టెక్స్ అనే కొలత ఉంది. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని టెక్సులు. 70 టెక్స్ దారానికి 18వ నంబరు సూది సరిపోతుంది. 135 టెక్స్ దారానికి 22 గానీ 23 గానీ కావాలి. కారణం సులువే. ముడి దాగవలసింది బెజ్జంలో. బెజ్జం ఇరుకైతే ముడి మధ్యకు ఎక్కలేక అడుగునే వేలాడుతుంది. అప్పుడు పైమరను ఎంత బిగించినా ముడి రాదు, దారమే తెగుతుంది. నాకు జరిగింది అక్షరాలా ఇదే. నేను మరను శిక్షించాను, నేరం సూదిది.

ఆ తరువాత పనికిరాని తోలు ముక్కల మీద కొన్నాళ్ళు సాధన చేసి నేర్చుకున్న వరస ఇది. మరను చివరికి గానీ ముట్టుకోకూడదు. ముందుగా, అదే తోలును అన్నే పొరలుగా పేర్చి, పైన ఎర్రదారం, అడుగున తెల్లదారం పెట్టి నాలుగంగుళాలు కుట్టి చూడాలి. తరువాత కుట్టు గీత వెంటే బ్లేడుతో కోస్తే ఎరుపూ తెలుపూ ఎక్కడ కలిశాయో కంటికి కనిపిస్తుంది. అడుగున ఉచ్చులు పడితే పైచెయ్యి పట్టడం లేదని అర్థం. చాలాసార్లు దానికి కారణం పాదం దించి ఉండగా దారం ఎక్కించడం. పాదం ఎత్తితేనే బిళ్ళలు విచ్చుకుని దారం వాటి నడుమ కుదురుకుంటుంది. మైనపు దారం వాడితే ఆ మైనం బిళ్ళల మధ్య పేరుకుంటుంది, తుడవాలి. అడుగుదారమే పైకి తేలితే కండె డబ్బా రేకు కింద దారం ఉందో లేదో చూడాలి. ఉంటే దాని బుల్లి మరను పావు చుట్టుకు మించి తిప్పకూడదు.

అక్కడక్కడ కుట్టు తప్పిపోతుంటే అది బిగువు జబ్బే కాదు. సూది లేస్తుంటే తోలు కూడా దానితో పాటు లేస్తోంది. ఉచ్చు ఉబ్బడానికి వీలు లేక నాడె ఖాళీగా పోతోంది. పాదం ఒత్తిడి పెంచాలి. కుట్లు దగ్గర దగ్గరగా గుమిగూడుతుంటే తోలు ఉక్కు పాదానికి అంటుకుని కదలడం లేదు. అందుకే చెప్పులు బాగుచేసే సింగర్ 29 తరగతి మిషనులో తోలును జరిపే పని అడుగున పళ్ళకు కాక పైపాదానికే అప్పగించారు. ఆ పాదం ఏ దిక్కుకైనా తిరుగుతుంది కూడా.

ఇవన్నీ సరిచూశాక ఇంకొక మెట్టు మిగులుతుంది. రెండు వైపులా సమానంగా ఉన్నంత మాత్రాన బిగువు సరైనట్టు కాదు. రెండూ సమానంగా వదులైతే దారం తోలు మీద తేలి రాపిడికి అరిగిపోతుంది. రెండూ సమానంగా బిగుసుకుంటే దారం తోలునే కోస్తుంది. మరీ పలచని తోలులో ముడికి చోటే ఉండదు, అక్కడ దారాన్ని సన్నం చేయడం తప్ప వేరే మందు లేదు. ఇక సన్నని నూలు దారం కోసం తయారైన ఇంటి మిషను స్ప్రింగు లావు దారాన్ని పట్టలేదన్న సత్యాన్ని కూడా ఒప్పుకోవాలి. అమ్మ మిషను మీద నేను మోపింది దాని శక్తికి మించిన బరువు.

* * *

ఈ చరిత్రలో మనవాళ్ళు ఎక్కడ అని అడిగేవారుంటారు. తంగేడు చెక్కతో ఊనిన మదరాసు రాజధాని తోళ్ళు ఓడలెక్కి లండను బజారుకు చేరేవి. తోలు మనది, కుట్టు వాళ్ళది. ఆ తీరు మారాలని పాటుపడిన శాస్త్రజ్ఞులలో గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు ముఖ్యులు. 1948లో మదరాసులో నెలకొన్న కేంద్ర తోళ్ళ పరిశోధన సంస్థకు ఆయన 1958 నుంచి 1971 వరకు సంచాలకులు. తోలు పనిని అంటరాని పనిగా చూసిన సమాజంలో దానికి ప్రయోగశాలలో పీట వేశారాయన. సగం ఊనిన తోళ్ళ ఎగుమతిని తగ్గించి చెప్పులూ సంచులూ ఇక్కడే కుట్టాలన్న విధానం 1970లలో వచ్చింది.

మన పల్లెల్లో తరతరాలుగా రెండు చేతుల బిగువు తెలిసినవాళ్ళను మాత్రం మనం ఊరి చివరనే కూర్చోబెట్టాం. వాళ్ళు వేసిన కుట్టు మీద నడిచాం గానీ వాళ్ళను పక్కన కూర్చోనివ్వలేదు.

బస్టాండు పెద్దాయన నా పట్టీ కొసను రంపెతో కోసి, కొత్త తోలు ముక్క జోడించి, అరగంటలో కుట్టి ఇచ్చాడు. మైనపు దారాన్ని లాగినప్పుడల్లా ఆయన రెండు మోచేతులూ ఒకేసారి రెక్కల్లా విచ్చుకోవడం చూస్తూ కూర్చున్నాను. ఇంటికొచ్చి సంచిని తిరగేసి, పైవైపు ఏదో అడుగువైపు ఏదో పోల్చుకుందామని ప్రయత్నించాను. పోల్చుకోలేకపోయాను.